పాత జీపు హెడ్‌లైట్ల స్విచ్చి: మార్చడమా, రిలే పెట్టడమా?

నల్లగొండ నుంచి దేవరకొండ వైపు రాత్రి వెళ్లే పాత జీపులో రెండు హెడ్‌లైట్లూ ఒకేసారి ఆరి, స్విచ్చిని కదిపితే మళ్లీ వెలుగుతుంటే, ముందుగా స్విచ్చి లోపల కరెంటును కలిపే లోహపు కాంటాక్టులనే అనుమానించాలి. ఒక్క లైటే ఆరితే దాని హోల్డరునూ ఎర్తు తీగనూ చూడాలి.

కొత్త స్విచ్చి వేయడం తేలికైన పని. అయితే 12 వోల్టుల మీద 55 వాట్ల బల్బులు రెండు తీసుకునే సుమారు 9 ఆంపియర్ల కరెంటు అంతా ఆ కొత్త కాంటాక్టుల గుండానే పోతుంది కనుక, కాలక్రమంలో అవి కూడా వేడెక్కి నల్లబడతాయి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే విద్యుత్ స్విచ్చి; అది పెడితే డ్యాష్‌బోర్డు స్విచ్చి మీద ఆంపియరులో కొద్ది భాగమే పడుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలేకు వచ్చే మందపాటి తీగ వల్ల వెలుగు కూడా పెరుగుతుంది. డిమ్ముకూ బ్రైటుకూ వేర్వేరు రిలేలు కావాలి, ఖర్చు కొంత ఎక్కువే. మలుపులో లైట్లు ఆరితే ప్రాణాలకే ముప్పు కాబట్టి నేను రిలేనే ఎంచుకుంటాను. స్విచ్చి ఇప్పటికే కరిగి ఉంటే రెండు పనులూ చేయించాలి.