క్రిస్మస్ కాయిర్: గాస్పెల్ పద్ధతా, మన కీర్తనా?

నరసాపురం, పాలకొల్లు వైపు నవంబరు వచ్చిందంటే క్రైస్తవ సంఘాల్లో ఈ చర్చ మొదలవుతుంది: క్రిస్మస్‌కు కాయిర్ (పాటల బృందం) గాస్పెల్, అంటే అమెరికా నల్లజాతి చర్చిల భక్తి సంగీతం, పాడాలా, మన తెలుగు కీర్తన పాడాలా అని.

ఖర్చు: కీర్తనకు హార్మోనియం, తబలా, తాళాలు చాలు. గాస్పెల్‌కు కీబోర్డు, డ్రమ్స్, మైకులు కావాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. 1930ల్లో షికాగోలో థామస్ డోర్సీ లాంటివాళ్ల చేతుల్లో ఎదిగిన గాస్పెల్‌లో సాధారణంగా సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు), ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు), టెనర్ (మగవాళ్ల పై గొంతు) మూడూ కలిసి కదలాలి. ఒకరు ఎత్తుకుంటే గుంపు బదులివ్వాలి. చప్పట్లు రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద పడాలి. మనవాళ్ల చేతులేమో ఒకటి మీదికే పోతాయి. అది సరిచేసేసరికే సగం రిహార్సల్ అయిపోతుంది. కీర్తన పల్లవి అయితే అందరికీ నోటికొచ్చు.

రిస్క్: ఆల్టో జారితే పాటంతా చెదురుతుంది. కీర్తనలో ఒకరు తప్పినా సంఘం లాక్కుపోతుంది.

నాకు గాస్పెల్ అంటే ప్రాణం. టెనర్లు పైకి లేచే చోట ఒళ్లు పులకరిస్తుంది. చెవి గట్టి లీడరు, రోజూ వచ్చే యువజనులు ఉంటే ధైర్యంగా అదే ఎంచుకోండి. వరికోతలతో సాయంత్రాలు కుదరకపోతే, పెద్దవాళ్లూ కలిసి పాడాలనుకుంటే, తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకోండి.