స్కాన్లు ఏఐ కంపెనీకి ఎలా ఇవ్వాలి? కాపీ, కృత్రిమ డేటా, ఫెడరేటెడ్ లెర్నింగ్‌లలో ఏది మేలు?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో స్కానింగ్ సెంటర్ నడిపేవారిని ఏఐ కంపెనీలు అడిగేది దాదాపు ఒకటే: పాత ఎక్స్‌రేలు, సీటీలు రిపోర్టులతో సహా ఇవ్వండి, పేర్లు తీసేస్తే చాలు. ఆ అడగడంలో తప్పు లేదు. మన మెషీన్ల బొమ్మలు, మన జబ్బులు చూడని సాఫ్ట్‌వేర్ మన పేషెంట్ల దగ్గరే పొరబడుతుంది. ఇవ్వడానికి దారులు మూడు: పేర్లు తీసిన కాపీ, కంప్యూటర్ పుట్టించిన కృత్రిమ డేటా, డేటా కదలకుండా మోడలే (నేర్చుకునే ఏఐ ప్రోగ్రామే) ఇక్కడికి వచ్చి నేర్చుకునే ఫెడరేటెడ్ లెర్నింగ్. ఖర్చు లెక్క తర్వాత. ముందు చూడాల్సింది, రేపు పేషెంట్ "నాది వద్దు" అంటే ఆ మాట ఎంతదూరం చేరుతుందన్నది.

ఆ మాట అనే హక్కును 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇచ్చింది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువుంది, అంటే అవి 2027 మేలో మొదలవుతాయి. అప్పటిదాకా అడిగేవారు లేరనుకుంటే పొరపాటే. ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు వైద్య రికార్డులకు లిఖితపూర్వక సమ్మతి కోరుతున్నాయి. స్కాన్ కోసం కౌంటర్లో పెట్టించుకున్న సంతకం ఏఐ శిక్షణకు సరిపోదు. అది వేరే పని, దానికి వేరే కాగితం కావాలి. ఆ కాగితం తెలుగులో కావాలంటే తెలుగులోనే ఇవ్వాలి. "ఇది పరిశోధన" అంటే చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ దానికి షరతులున్నాయి, అమ్మకానికి పెట్టే ఉత్పత్తికి దాన్ని అడ్డం పెట్టుకోవడం ప్రమాదం.

ఇక కాపీ సంగతి. చౌకగా, సులువుగా కనిపించేది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. పేరు తీసినంత మాత్రాన మనిషి మాయం కాడు. జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, లింగం కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతాన్ని విడివిడిగా గుర్తుపట్టవచ్చని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లోనే అంచనా వేశారు. అమరావతి మండలంలో 34 ఏళ్ల మహిళ, అరుదైన ఊపిరితిత్తుల జబ్బు అని ఉంటే ఊళ్లోవాళ్లకు పేరెందుకు? అలా గుర్తుపట్టగలిగినంతకాలం చట్టం దృష్టిలో అది వ్యక్తిగత డేటాయే.

స్కాన్లు దాచే డైకామ్ ఫైల్‌లో బొమ్మతో పాటు వివరాలుండే భాగం, అంటే హెడర్‌లో పేరు, పేషెంట్ ఐడీ, పుట్టిన తేదీతో పాటు మెషీన్ కంపెనీ దాచిన ప్రైవేట్ ట్యాగులూ ఉంటాయి. అన్నీ తీసేయాలి, యూఐడీలు (ప్రతి స్కాన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబర్లు) మార్చాలి. పుట్టిన తేదీకి బదులు వయసు, పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలే ఉంచాలి. స్కాన్ తేదీలను ఒక్కో పేషెంట్‌కు ఒక్కో లెక్కన, ఇన్ని రోజులని ముందుకో వెనక్కో జరపాలి. అదే పేషెంట్ స్కాన్లన్నిటికీ ఒకే లెక్క వాడాలి, లేకపోతే జబ్బు ముదిరిన క్రమం చెడిపోతుంది. అల్ట్రాసౌండ్‌లో చాలాసార్లు పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది, హెడర్ శుభ్రం చేసినా పోదు. తల సీటీ, ఎమ్మారై నుంచి ముఖాన్నే తిరిగి కట్టవచ్చు కాబట్టి ముఖభాగం చెరపాలి. రిపోర్టు పాఠంలో "ఫలానా డాక్టర్ గారు పంపిన ఫలానా ఊరి" అన్న మాటలు దొర్లుతాయి. చివర కనీసం 100 ఫైళ్లు ఇష్టమొచ్చినట్టు తీసి కంటితో చూడాలి. గర్భిణుల స్కాన్ల జోలికి అసలు వెళ్లవద్దు.

ఇంత చేసినా హార్డ్ డిస్క్ గడప దాటాక ఎన్ని కాపీలయ్యాయో ఎవరూ చెప్పలేరు. పేషెంట్ "వద్దు" అన్న మాట అక్కడికి చేరదు. డేటాకు తగిన రక్షణ కల్పించలేదని తేలితే జరిమానా రూ. 250 కోట్ల వరకు ఉండవచ్చు.

కృత్రిమ డేటా సాఫ్ట్‌వేర్ తెరలు, బిల్లింగ్, ఫైళ్ల రాకపోకలు పరీక్షించడానికి చక్కగా పనికొస్తుంది. జబ్బు గుర్తుపట్టడం నేర్పడానికి మాత్రం దాన్నే నమ్ముకోలేం. అరుదైన కేసులు అందులో నలిగిపోతాయి, అసలు బొమ్మలను బట్టీపట్టి దించేసే ముప్పూ ఉంది.

ఫెడరేటెడ్ పద్ధతిలో బయటికి వెళ్లేది బొమ్మలు కావు, మోడల్ నేర్చుకున్న మార్పులు. రెండున్నర కోట్ల పారామీటర్ల (మోడల్ లోపలి అంకెల) మోడల్ అయితే ఒక విడతకు సుమారు 100 ఎంబీ. 50 విడతలకు 5 జీబీ. 300 స్లైసుల సీటీ ఒక్కటే 150 ఎంబీ, వెయ్యి పంపితే 150 జీబీ. నెట్ భారం తక్కువే, కానీ ప్రతి సెంటర్లో జీపీయూ (ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్) ఉన్న కంప్యూటర్, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఏ స్కాన్‌లో ఏ జబ్బో చెప్పే లేబుళ్లు అందరూ ఒకేలా పెట్టాలి; ఒకచోట "టీబీ అనుమానం", ఇంకోచోట "టీబీ" అని రాస్తే మోడల్ తికమక పడుతుంది. ఆ మార్పుల నుంచి కూడా అసలు బొమ్మను రాబట్టవచ్చని 2019లోనే చూపించారు. అందుకే అన్ని సెంటర్ల మార్పులను కలిపాకే కంపెనీ సర్వర్‌కు కనిపించేలా చేసే సెక్యూర్ అగ్రిగేషన్ అనే పద్ధతి పెట్టాలి. రెండు సెంటర్లే ఉంటే మొత్తంలోంచి తన వాటా తీసేసి ఎదుటివారిది తెలుసుకోవచ్చు, కాబట్టి కనీసం మూడుండాలి. సమ్మతి కాగితం ఇక్కడా తప్పదు. నేర్చుకున్నది మోడల్ మరిచిపోదు కూడా. అయినా "వద్దు" అన్న పేషెంట్ ఫైలు మన సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి తర్వాతి విడతలో దాన్ని ఆపగలం.

కనీసం మూడు ఆసుపత్రులు కలిసి, సొంత ఐటీ మనుషులతో ఉంటే ఫెడరేటెడ్ పద్ధతే మేలు. ఒక్క సీటీ మెషీన్‌తో నడిచే సెంటర్ శిక్షణకు ఒప్పుకోనక్కర్లేదు. తయారైన మోడల్‌ను ఇక్కడికే తెచ్చి, నెట్ తీసేసిన కంప్యూటర్‌లో పరీక్షించుకోమనాలి. ఎన్ని పట్టుకుంది, ఎన్ని వదిలేసింది అన్న అంకెలే బయటికి వెళ్తాయి, కంపెనీకి పనికొచ్చేవీ అవే. కాపీ ఇవ్వక తప్పదంటే అగ్రిమెంట్‌లో ఏ పనికో ఒక్కటే రాయాలి, ఇంకొకరికి ఇవ్వకూడదని రాయాలి, చెరిపే తేదీ వేయాలి, చెరిపినట్టు లిఖితపూర్వకంగా తెలపాలని పెట్టాలి. డేటా బయటపడితే కంపెనీ అదే రోజు మనకు చెప్పాలని కూడా రాయాలి, ఎందుకంటే కొత్త నియమాల ప్రకారం 72 గంటల్లో డేటా పరిరక్షణ బోర్డుకు వివరాలు ఇవ్వాల్సింది సెంటరే.