ఆర్‌ఎక్స్ 100 కోన్‌సెట్: ఇంటి పనిముట్లతో వేసి 26 వేల కిలోమీటర్లు తిరిగాక

ముందు చక్రం గాల్లో పెట్టి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో ఎక్కడో గాడిలో పడినట్టు ఆగుతుందా? అయితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగేందుకు ఫ్రేమ్ ముందు గొట్టంలో (హెడ్ పైపు) ఉండే కప్పులు, కోన్లు, వాటి మధ్య దొర్లే ఉక్కు గుళ్ల సెట్, అయిపోయింది. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి గుళ్లు కప్పులో ఎప్పుడూ ఒకే చోట కూర్చుంటాయి, రోడ్డు గుంతల దెబ్బంతా అక్కడే తగిలి కప్పులో గుంటలు పడతాయి. ఆ గుంటలు గ్రీజు మార్చినా పోవు. బిగిస్తే గాడి ఇంకా గట్టిగా తగులుతుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి పాములా పోతుంది.

1985లో మొదలై 1996 దాకా ఎస్కార్ట్స్ చేసిన ఈ యమహా బండికి పైన 3/16 అంగుళం గుళ్లు 22, కింద 1/4 అంగుళం గుళ్లు 19. విప్పేటప్పుడు కింద తెల్లగుడ్డ పరిచి, పాతవి లెక్కపెట్టి సరిచూసుకోవాలి. కొన్ని బండ్లలో ఇదివరకెవరో ఒకటి ఎక్కువ కుక్కి ఉంటారు. గుళ్ల వరుసలో కాస్త ఖాళీ మిగలాలి. ఒరుసుకుంటూ నిండిపోతే అవి దొర్లవు, జారతాయి.

ఇక పనిముట్లు. పాత కప్పులు తీయడానికి 12 మి.మీ. ఇనుప కడ్డీ, అడుగున్నర పొడవు చాలు. కొసను గుండ్రంగా కాక పదునైన అంచుతో చదునుగా అరగదీయాలి, లేదంటే లోపలి అంచు మీద నిలవక జారుతుంది. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ ఎదుటివైపు. ఒకేచోట కొడితే కప్పు ఏటవాలుగా ఇరుక్కుని హెడ్ పైపును గీరేస్తుంది. అంచు దొరకనంత అరిగిన కప్పుకు వెల్డింగ్ చిట్కా ఉంది: కప్పు లోపల చుట్టూ ఒక వరుస వెల్డింగ్ పెట్టిస్తే, చల్లారేటప్పుడు ముడుచుకుని దాదాపు దానంతటదే ఊడుతుంది. అంతకుముందు బ్యాటరీ వైర్లు విప్పాలి, వెల్డింగ్ మిషను ఎర్త్ క్లిప్పు హెడ్ పైపుకే తగిలించాలి.

స్టెమ్ (హెడ్ పైపులో తిరిగే ఇరుసు) మీది కింది కోన్ ఎక్కువ ఓపిక అడుగుతుంది. రెండు సన్నటి చీజళ్లను ఎదురెదురుగా సందులో పెట్టి, వంతులవారీగా కొట్టాలి. కొత్తది ఎక్కించడానికి స్టెమ్‌కు వదులుగా పట్టే జీఐ పైపు ముక్క కావాలి. కొస ఆకురాయితో సమంగా అరగదీసి ఉండాలి, పైపు అంచు కోన్ లోపలి చుట్టు మీదే ఆనాలి, గుళ్లు దొర్లే దారిని తాకకూడదు. కోన్‌ను వేడినూనెలో పది నిమిషాలుంచితే సగం శ్రమ తగ్గుతుంది.

కొత్త కప్పులకు సుత్తి వద్దు. ఈ సమీక్షలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 12 మి.మీ. స్టడ్ రాడ్డు అరమీటరు, రెండు నట్లు, 6 మి.మీ. మందం ఇనుప బిళ్లలు రెండు. ఇంతే ప్రెస్సు. కప్పులను మూడు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, పాత కప్పును కొత్తదాని మీద అంచు మీద అంచు ఆనేలా బోర్లించి, పైన బిళ్ల వేసి బిగించాలి. ఒక్కోసారి ఒక కప్పే. రెండూ కలిపి లాగితే ఏది వంకరపోతోందో కనపడదు. పూర్తిగా కూర్చున్నప్పుడు పానాకు ఒక్కసారిగా గట్టిదనం తెలుస్తుంది. చుట్టూ సన్నటి కాగితం కూడా దూరకూడదు.

సెట్ కొనేటప్పుడు కప్పు బయటి అంచు మీద ఆకురాయి మూల ఆనించి చూడండి. జారిపోతే గట్టిపరిచిన ఉక్కు, కొరికితే వదిలేయండి. మెత్తటి కప్పులు నాలుగు నెలలకే మళ్లీ గాడి పడతాయి.

స్టెమ్ పైన బిగువు సరిచేసే గాళ్ల రింగ్ నట్‌ను స్క్రూడ్రైవర్, సుత్తితో తిప్పడం మన దగ్గర మామూలే. గాళ్లు చెడిపోయాక సరైన బిగింపు ఎవరివల్లా కాదు. 5 మి.మీ. ఇనుప పట్టీని నట్ వంపుకు వంచి, కొసన కొక్కెం అరగదీస్తే నట్ గాడిలో పట్టే మంచి సి-పానా అవుతుంది. ఒక సాయంత్రం పని, ఇన్నేళ్లుగా అదే నడుస్తోంది.

గ్రీజు రెండో నంబరు లిథియంది, ధారాళంగా. గుళ్లు దానిలోనే అతుక్కుని నిలవాలి. స్టెమ్ ఎక్కించాక నట్‌ను కాస్త గట్టిగానే బిగించి, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఆరేడుసార్లు తిప్పి, పావు చుట్టు వదిలి, ఆట (వదులు) పోయేంతవరకే మళ్లీ బిగించాలి. తర్వాత పై క్రౌన్ (షాకులను పైన పట్టే పలక) బోల్టు బిగించగానే బిగువు కొంచెం పెరుగుతుంది, అందుకే చివర్లో మళ్లీ చూడాలి. చక్రం వదిలితే రెండు వైపులకూ తన బరువుతోనే పడిపోవాలి. షాకుల కింది కొసలు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టకటక ఉండకూడదు.

ఎక్కువమంది కొత్త సెట్‌ను పోగొట్టుకునేది తర్వాతి 300 కిలోమీటర్ల దగ్గర. కప్పులు, గుళ్లు సర్దుకుని ఆట వస్తుంది. అప్పుడు పట్టించుకోకపోతే ఆ వదులులోనే గుళ్లు కప్పును కొట్టి కొత్త సెట్‌ను పాతదాన్ని చేస్తాయి. ఈ సెట్‌కు 300 దగ్గర నట్ ఎనిమిదో వంతు తిరిగింది. ఆ తర్వాత 5 వేలకోసారి చూస్తే రెండుసార్లే బిగించాల్సి వచ్చింది.

20 వేల దగ్గర విప్పితే పైది శుభ్రంగా ఉంది. కింది గ్రీజు నల్లబడి, ముందుచక్రం విసిరిన వానబురదతో అంచున గరగరలాడింది. కప్పులో గాడి లేదు. కడిగి, గ్రీజు మార్చి, కింది 19 గుళ్లు మాత్రం కొత్తవి వేశాం. పాతవీ కొత్తవీ కలపకూడదు, పరిమాణంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పెద్దవాటి మీదే బరువంతా పడుతుంది.

గుళ్ల బదులు ఏటవాలు రోలర్లుండే టేపర్ రోలర్ సెట్‌కు మారాలా అంటే, రోజూ గతుకుల్లో ఇద్దరెక్కి తిరిగే బండికైతే ఆలోచించవచ్చు. కానీ వాటి ఎత్తులో తేడా వల్ల వాషర్లు సర్దాల్సి రావచ్చు, దుమ్ము మూత సరిగా కూర్చోకపోతే రోలర్లు ఇంకా త్వరగా పాడవుతాయి. తేలిక బండి ఆర్‌ఎక్స్‌కు గుళ్లే చాలు. వానాకాలం ముగిశాక కింది వైపు ఒకసారి విప్పి చూడండి.