‘ధ’ని ‘ద’గా చదివించిన వెలుగు లెక్క: ఏడాదిన్నరగా కార్డులోని వీడియో డీకోడర్

పాత రిజిస్టర్లను ఫోన్‌తో వీడియో తీస్తూ పేజీలు తిప్పేయడం, తర్వాత అందులోంచి స్పష్టమైన ఫ్రేములు ఏరి తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే) మోడల్‌కి ట్రెయినింగ్ ఇవ్వడం. నా 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఇదే. అందులో కుదించిన వీడియోని ఫ్రేములుగా విప్పడానికి విడిగా ఉన్న భాగం, అంటే డీకోడర్, నాకు చాలా ఇష్టం. హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించిన 4కే వీడియో విప్పుతున్నా ట్రెయినింగ్ చేసే కోర్ల మీద పెద్దగా బరువు పడదు. ఫ్రేములు కార్డు మెమరీలోనే ఉండిపోతాయి. హైదరాబాద్ మే ఎండల్లో ప్రాసెసర్‌తో విప్పినప్పుడు గది ఎంత వేడెక్కేదో చూసినవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

చిక్కు వేరేచోట వచ్చింది. మోడల్ ‘ధ’ని ‘ద’గా, ‘ఫ’ని ‘ప’గా చదవడం మొదలుపెట్టింది. ముందు లేబుళ్లను, అంటే బొమ్మలకి జతచేసిన సరైన పాఠాన్ని, అనుమానించాను. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒక కోడ్‌తోనూ రాయొచ్చు, రెండు కోడ్‌లు కలిపీ రాయొచ్చు కాబట్టి అన్నీ ఒకే తీరుకి మార్చాను. తప్పులు తగ్గలేదు. అసలు కారణం వెలుగు లెక్క. డీకోడర్ వెలుగునీ రంగునీ విడివిడిగా ఇస్తుంది, వాటిని ఆర్‌జీబీకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలకి) మార్చుకోవడం మన పని. నా కోడ్ వెలుగు 16–235 మధ్య (16 నలుపు, 235 తెలుపు) ఉంటుందని లెక్కేసింది, ఫోన్ మాత్రం 0–255లో రికార్డు చేసింది. దాంతో 235 దాటిందంతా తెల్లకాగితమైపోయింది. వెలిసిన సిరాతో రాసిన ‘ధ’ కింది చిన్న గీత అందులోనే కలిసిపోయింది.

ఇప్పుడు ప్రతి ఫైలుకీ ముందు ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో (వీడియో ఫైలు వివరాలు చూపే టూల్) కలర్ రేంజ్ చూస్తాను: ‘పీసీ’ అంటే 0–255, ‘టీవీ’ అంటే 16–235. ఆ గడి ఖాళీగా ఉంటే వెలుగు హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్) గీసి, 16కి కిందా 235కి పైనా పిక్సెళ్లు దండిగా ఉన్నాయేమో చూడాలి, ఉంటే అది 0–255. ఒకసారి తెల్లబడిపోయిన గీత ఏ ఫిల్టర్‌తోనూ తిరిగి రాదు. వీడియో నుంచి ఫ్రేములు మళ్లీ తీసుకోవాల్సిందే.

ఇష్టమని పైన అన్నాను కానీ, ముద్రలున్న పేజీలకి ఆ మాట వర్తించదు. 4కే (3840×2160) ఫ్రేములో రంగు సమాచారం 1920×1080 మేరకే ఉంటుంది, ఎర్ర స్టాంపు కింది అక్షరం మసకబారుతుంది. అలాంటి పేజీలకి విడి ఫొటోలే తీస్తున్నాను. నిలువుగా తీసిన వీడియోని డీకోడర్ తిప్పి ఇవ్వదు, ఆ కోణం ఫైల్లోంచి చదివి మనమే తిప్పుకోవాలి. ట్యూబ్‌లైట్ కింద అయితే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టకపోతే పేజీ మీద అడ్డచారలు పడతాయి.

కొన్ని వందల పేజీల పనికైతే ప్రాసెసర్ చాలు. నా దగ్గర గంటలకొద్దీ వీడియో ఉంది కాబట్టి ఇది కలిసొచ్చింది. నిజాం కాలపు ఉర్దూ పేజీల మీద ఇంకా వాడలేదు. అక్కడ ‘బే’కీ ‘పే’కీ తేడా చుక్కల్లోనే ఉంది, రేంజ్ తప్పితే ముందు పోయేవి అవే.