హెచ్‌టాప్: నెమ్మదించిన లినక్స్ కంప్యూటర్‌లో మొదట తెరవవలసిన ఉపకరణం

లినక్స్ కంప్యూటర్ మొరాయించగానే చాలామంది దాన్ని రీస్టార్ట్ చేస్తారు. అలా చేస్తే సమస్య అప్పటికి పోవచ్చు గానీ, దానికి కారణమేమిటో తెలుసుకునే అవకాశం కూడా పోతుంది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) ఆ కారణాన్ని వెతకడానికి ఉన్న ఉపకరణాలలో నేను మొదట సిఫారసు చేసేది, నడుస్తున్న ప్రోగ్రాములనూ అవి వాడే ప్రాసెసర్, మెమరీలనూ అప్పటికప్పుడు చూపే హెచ్‌టాప్. హిషామ్ మహమ్మద్ అనే బ్రెజిల్ ప్రోగ్రామర్ 2004లో దీన్ని విడుదల చేయగా, 2020లో మూడవ వెర్షన్ వచ్చేనాటికి నిర్వహణ ఒక స్వచ్ఛంద బృందం చేతికి వెళ్లింది. ఇది పూర్తిగా ఉచితం. ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాలలో, ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ మేనేజర్ ద్వారానే దొరుకుతుంది.

చూడగానే ఆకట్టుకునేవి పైభాగంలోని రంగుల పట్టీలే అయినా, అవి అలంకారం కోసం పెట్టినవి కావు. ప్రాసెసర్ పట్టీలో ఆకుపచ్చ మామూలు ప్రోగ్రాముల పనిని, ఎరుపు లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్ చేసే పనిని చూపుతాయి. మెమరీ పట్టీలో పసుపు రంగు భాగం కాష్, అంటే డిస్క్ నుంచి చదివినవాటిని మళ్లీ త్వరగా అందించడానికి ఉంచుకున్న కాపీలు. ఖాళీగా ఉన్న మెమరీని లినక్స్ కాష్ కోసం వాడుకుని, ప్రోగ్రాములు అడిగినప్పుడు దానిలో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది కనుక, పట్టీ నిండుగా కనిపించినంత మాత్రాన కొత్త ర్యామ్ కొనడానికి పరుగెత్తనక్కరలేదు. అదే విధంగా, ఒక్కొక్క ప్రోగ్రామ్ ఎంత మెమరీ తింటోందో చూడడానికి భారీ అంకెలతో భయపెట్టే వర్ట్ (VIRT) గడిని వదిలేసి, నిజంగా ర్యామ్‌లో ఉన్న భాగాన్ని తెలిపే రెస్ (RES) గడిని చూడాలి.

దీని అసలైన ఉపయోగం చిక్కు కేసుల్లో బయటపడుతుంది. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఎదురుచూస్తున్న పనుల సగటు సంఖ్య) ప్రాసెసర్ కోర్ల సంఖ్యను మించిపోయి, పట్టీలు మాత్రం దాదాపు ఖాళీగా ఉన్నాయనుకోండి. లినక్స్ ఆ లెక్కలో ప్రాసెసర్ కోసం ఎదురుచూసే పనులతో పాటు, సాధారణంగా డిస్క్ జవాబు కోసం ఆగిపోయిన వాటిని కూడా కలుపుతుంది. ఎఫ్6 నొక్కి, ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) స్థితిని బట్టి వరుస పెట్టిస్తే, అలా ఆగిపోయినట్టు తెలిపే డి అక్షరంతో నిలిచిపోయినవి ఒకచోట చేరతాయి. అప్పుడు అనుమానం ప్రాసెసర్ మీద నుంచి డిస్క్ మీదికో, నెట్‌వర్క్ ద్వారా జోడించిన ఫోల్డర్ మీదికో మళ్లుతుంది. కొత్త వెర్షన్లలో ట్యాబ్ కీ నొక్కితే, ఏ ప్రోగ్రామ్ డిస్క్‌ను ఎంత వాడుతోందో చూపే తెర కూడా వస్తుంది, అయితే ఇతరుల ప్రోగ్రాముల అంకెలు కనబడాలంటే రూట్ (నిర్వాహకుడి) అధికారం కావాలి.

దోషిని గుర్తించాక ఆపడం కూడా ఇక్కడి నుంచే. ఎఫ్9 నొక్కితే ప్రోగ్రాములకు పంపే ఆదేశాలైన సిగ్నళ్ల జాబితా తెరుచుకుంటుంది. ముందుగా ఎంపికై ఉండే 15వ సిగ్నల్, ప్రోగ్రామ్ తన పనిని సర్దుకుని మర్యాదగా ముగియడానికి అవకాశమిస్తుంది. దానికి లొంగనప్పుడే, బలవంతంగా ఆపేసే 9వ దాన్ని వాడాలి. డి స్థితిలో చిక్కుకున్న ప్రాసెస్ మీద ఆ తొమ్మిది కూడా సాధారణంగా వెంటనే పనిచేయదు.

లోపాలు లేకపోలేదు. మామూలు అమరికలో ఒక ప్రోగ్రామ్‌లోని థ్రెడ్లన్నీ (సమాంతరంగా సాగే పనులన్నీ) విడివిడి వరుసలుగా, ప్రతిదీ అదే మెమరీ అంకెతో కనిపించడం వల్ల, బ్రౌజర్ డజన్ల కొద్దీ కాపీలుగా నడుస్తోందని కొత్తవారు కంగారుపడతారు. పెద్ద హెచ్ అక్షరం నొక్కితే ఆ గందరగోళం తగ్గుతుంది; ఈ అమరికే మొదటి నుంచీ ఉంటే బాగుండేది. కొన్ని టెర్మినల్ ప్రోగ్రాములు ఎఫ్10 కీని తమ మెనూ కోసం లాగేసుకుంటాయి కనుక, బయటికి రావడానికి క్యూ అక్షరమే నమ్మకమైనది.

వీటన్నిటికంటే పెద్ద పరిమితి, దీనికి జ్ఞాపకం లేకపోవడం. రాత్రి రెండు గంటలకు సర్వర్ ఎందుకు కుంగిపోయిందో ఉదయం హెచ్‌టాప్ తెరిచి తెలుసుకోలేం. అందుకు సిస్టమ్ నమోదులను చూపే జర్నల్‌సీటీఎల్‌తో పాత లాగ్‌లను తిరగేయాలి, లేదా ఎటాప్ వంటి రికార్డు చేసే ఉపకరణాన్ని ముందే అమర్చుకోవాలి. ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని సర్వర్ల మీద పనిచేసేవారు ఇలాంటిదే అయిన పాత టాప్ కమాండ్‌ను కూడా నేర్చుకోక తప్పదు, ఎందుకంటే చాలా చోట్ల ముందే సిద్ధంగా ఉండేది అదే.