బడిలో సీతాకోకచిలుకల తోట: పూల మొక్కలా, ఆకు మొక్కలా?

బడిలో సీతాకోకచిలుకల తోట వేయాలనుకోగానే చాలామంది నర్సరీకి వెళ్లి పెంటాస్, నూరువరహాలు, బంతి కుండీలు తెస్తారు. పూలుంటే అతిథులు త్వరగానే వస్తాయి, పిల్లలు సంబరపడతారు. అదే డబ్బుతో నిమ్మ, కరివేపాకు, రేల మొక్కలు నాటితే ఆవరణ కొంతకాలం బోసిగానే కనిపిస్తుంది. అయినా నా ఓటు ఆకు మొక్కలకే.

తేనె కోసం సీతాకోకచిలుక రకరకాల పూల మీద వాలుతుంది. గుడ్లు మాత్రం తన పిల్లలు తినగలిగే ఆకు చూసుకునే పెడుతుంది. ఆ ఆకు లేని తోటకు చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోతుంది.

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మతోటలున్న ఇళ్ల పిల్లలకు ఆకు తినే పురుగంటే మందు కొట్టాల్సిన పురుగే. సీతాకోకచిలుక పిల్ల కూడా అలాంటి పురుగే. దాన్ని బడిలోని నిమ్మ మొక్క మీద రోజూ గమనించనివ్వండి. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు చీలిక కొమ్మును బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు నెల రోజుల్లో అంతా కళ్ల ముందే జరుగుతుంది. ఇది చూసిన పిల్లలకు జీవితచక్రం పాఠాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు. కరివేపాకు మీదా ఇదే జాతి సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది కాబట్టి, మధ్యాహ్న భోజనం వంటకు కోసుకునే మొక్కను వేరుగా ఉంచాలి. రేల మీద లేత పసుపు రంగు సీతాకోకచిలుకలు పెరుగుతాయి.

పూల మొక్కలు మేలైన చోటు ఒకటుంది: భద్రత. నిమ్మకు ముళ్లుంటాయి. నారింజ రంగు రెక్కల 'ప్లెయిన్ టైగర్' కోసం జిల్లేడు కావాలి గానీ, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. కనుక ప్రాథమిక పాఠశాలలో జిల్లేడు వద్దు. ఉన్నత పాఠశాలలో ప్రహరీ పక్కన, పెద్దల పర్యవేక్షణలో పెంచవచ్చు.

నీటి విషయానికొస్తే, వేసవి సెలవుల్లో బడికి తాళం పడితే కుండీల్లో మొక్కలు ఎండిపోతాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వాటి మొదట్లోనే నేలలో నాటితే ఎండలు ముదిరేలోపు వేళ్లు దిగుతాయి. మొదటి వేసవిలో మాత్రం నీళ్లు పోసే మనిషిని ముందే కుదుర్చుకోవాలి.

పూలు అసలు వద్దని కాదు. కాస్త చోటులో బిళ్లగన్నేరు, రేకబంతి వేయండి. ముద్దబంతి రేకుల దొంతరలో తేనె అందడం కష్టం. లంటానా మాత్రం తేవద్దు. పిట్టలు దాని పండ్లు తిని గింజలను పొలాల్లోకి చేరుస్తాయి, ఆ ఆకు మేస్తే పశువులకు విషం. ఇక ఆకులకు చిల్లులు పడ్డాయని ఎవరైనా కంగారుపడి మందు తెస్తే ఆపండి. వేపనూనె కూడా కొట్టవద్దు, అదీ ఈ పురుగులను చంపుతుంది.