మొక్కల అక్వేరియంలో కార్బన్ డయాక్సైడ్ కరిగించడానికి డిఫ్యూజర్, రియాక్టర్‌లలో ఏది మేలు?

సిలిండరు, రెగ్యులేటరు ఎంచుకునేటప్పుడు చూపే శ్రద్ధను చాలామంది వాయువును నీటిలో కరిగించే చివరి పరికరం మీద చూపరు. అయితే బుడగ కరగకుండా పైకి చేరి పగిలిపోతే, కొన్న వాయువు మొక్కకు అందకుండా గదిలో కలిసిపోయినట్లే. 25 డిగ్రీల వద్ద, గాలి తగులుతూ ఊరకే ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాముకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. మొక్కల తొట్టిలో దాన్ని 30 మిల్లీగ్రాముల దరిదాపులకు చేర్చాలని చూస్తాం. అది బుడగ ఎంత సన్నగా ఉంది, నీటిలో ఎంతసేపు నిలిచింది అనే రెండింటి మీద ఆధారపడుతుంది.

సన్నని రంధ్రాల బిళ్ళ గుండా వాయువును వదిలే సిరామిక్ డిఫ్యూజర్ బుడగను సన్నం చేస్తుంది గానీ నిలిపి ఉంచలేదు. నా రెండడుగుల తొట్టిలో మొదట దాన్ని ఫిల్టరు ధారకు దూరంగా ఒక మూలన పెట్టాను. బుడగలు దారంలా నిటారుగా లేచి, రెండు మూడు సెకన్లలో పైకి చేరి చిటపటమని పగిలేవి. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ తక్కువైతే నీలంగా, చాలినంత ఉంటే పచ్చగా రంగు చూపే డ్రాప్ చెకర్‌లోని ద్రవం సాయంత్రమైనా నీలంగానే ఉండేది. అదే డిఫ్యూజరును ధార కిందికి జరిపితే, దిగే నీరు బుడగలను అడుగుకు నెట్టి ఆకుల మధ్య చెదరగొట్టింది. బుడగల లెక్క పెంచకుండానే మర్నాటికి ద్రవం పచ్చబడింది. చవకైన పరికరమే అయినా సిరామిక్ బిళ్ళకు నాచు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి కనుక, అప్పుడప్పుడు పలుచని బ్లీచింగ్ ద్రవంలో నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ పూర్తిగా పోయాకే తిరిగి పెట్టాలి.

రియాక్టర్ అంటే ఫిల్టరు నీరు పారే నిలువు గొట్టం; దాని పనితీరు వేరు. తొట్టి బయట ఉండే కానిస్టర్ ఫిల్టరు నుంచి వచ్చే నీరు గొట్టంలో పైనుంచి కిందికి దిగుతుంటే, వాయువు పైకి లేవాలని చూస్తుంది. ఆ రెంటి మధ్య చిక్కిన బుడగ అక్కడే గిరగిర తిరుగుతూ చిక్కిపోయి మాయమవుతుంది. తొట్టిలోకి బుడగల పొగ లేని తేటనీరు వస్తుంది, వాయువు వృథా కూడా తక్కువ. కానీ నీటి వేగం కొంత తగ్గుతుంది, కరిగే వేగాన్ని మించి వాయువు ఇస్తే గొట్టం పైభాగంలో గాలితిత్తిలా పేరుకుని గరగరలాడుతుంది.

ఫిల్టరు పైపులో బిగించి, వాయువును పొగలాంటి సన్నని బుడగలుగా మార్చే ఇన్‌లైన్ అటామైజర్‌కు గట్టి ఒత్తిడి కావాలి కనుక, సిలిండరుకు బదులు సీసాలో చక్కెర, ఈస్ట్ పులియబెట్టి వాయువు తయారుచేసుకునేవారికి అది పనికిరాదు. వారికి నీటిలో బోర్లించిన చిన్న గిన్నె లాంటి పరికరమే తగినది.

రెండడుగుల తొట్టికి, ధార కింద పెట్టిన డిఫ్యూజర్ చాలని నా అభిప్రాయం. మూడడుగులు దాటి, కానిస్టర్ ఫిల్టరుకు బలముంటే రియాక్టర్‌నే కోరుకుంటాను. ఏది పెట్టినా దీపం వెలిగే ముందు గంట, రెండు గంటల నుంచి వాయువు వదలాలి, రాత్రి ఆపాలి. డ్రాప్ చెకర్ రంగు మారడానికి గంటకు పైనే పడుతుంది కాబట్టి దాని కోసం ఆగకుండా చేపలను గమనించాలి. ముఖ్యంగా నీరు వేడెక్కి ఆక్సిజన్ తగ్గే మన వేసవిలో, అవి పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే వెంటనే వాయువు కట్టేసి నీటి పైభాగాన్ని కదిలించాలి.